రజను నుంచి ఇరవై డాలర్ల నాణెం దాకా: 1854 నాటి శాన్ ఫ్రాన్సిస్కో టంకశాల లెక్కను చదివే పద్ధతి

శాన్ ఫ్రాన్సిస్కో టంకశాల పని మొదలుపెట్టిన 1854లో అక్కడ ఐదు డాలర్ల నాణేలు 268, రెండున్నర డాలర్ల నాణేలు 246 మాత్రమే తయారయ్యాయి. అదే ఏడాది, అదే కట్టడంలో ఇరవై డాలర్ల నాణేలు 1,41,468, పది డాలర్ల నాణేలు 1,23,826, ఒక డాలరు బంగారు నాణేలు 14,632 ముద్రించారు. ఈ అంకెలను మొదటిసారి చూసినవారికి చిన్న నాణేల అచ్చులు ఆలస్యంగా చేరాయేమోననో, ముద్రణ యంత్రం చాలలేదేమోననో అనిపించడం సహజం. కానీ బంగారం వేటలో మునిగిన ఊళ్లో నడిచే టంకశాల లెక్కను చదవాలంటే అచ్చు పడే చోట కాకుండా ఆమ్లం జాడీలు ఉన్న గదిలో మొదలుపెట్టాలి. గనివాడు తెచ్చిన రజను (బంగారపు పొడి) ఏ క్రమంలో నాణెంగా మారిందో, ఎక్కడ ఆగిపోయిందో, ప్రతి మెట్టు దగ్గర ఏ అంకెను రాసుకోవాలో తెలిస్తే ఈ లెక్కను ఎవరైనా కాగితం మీద సరిచూసుకోవచ్చు.

ముందుగా ఆ ఊరి పరిస్థితిని మనసులో ఉంచుకోండి. 1848 జనవరి 24న కొలోమా దగ్గర సట్టర్ రంపపు మిల్లు కాలువలో జేమ్స్ మార్షల్‌కు బంగారం కనిపించింది. ఆ తర్వాత కాలిఫోర్నియాలో బంగారం కుప్పలుగా పోగైంది కానీ చేతిలో నాణెం లేకుండా పోయింది. అంగళ్లలో రజనును తూకం వేసి, ఔన్సు సుమారు 16 డాలర్ల చొప్పున తీసుకునేవారు. మేలిమి బంగారానికి టంకశాల లెక్కలో ఔన్సుకు 20.67 డాలర్లు వస్తుండగా గనివాడు ఎంత పోగొట్టుకుంటున్నాడో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ లోటును పూడ్చడానికి మొఫట్ అండ్ కంపెనీ వంటి ప్రైవేటు సంస్థలు సొంతంగా నాణేలు వేశాయి. 1851 నుంచి ప్రభుత్వం తరఫున అగస్టస్ హంబర్ట్ అనే పరీక్షాధికారి ముద్రతో ఎనిమిది పలకల 50 డాలర్ల నాణేలు వచ్చాయి. 1852 జులై 3న అమెరికా కాంగ్రెస్ చట్టం చేయగా, 1854 ఏప్రిల్ 3న కమర్షియల్ వీధిలోని ఒక ఇరుకు కట్టడంలో టంకశాల శాఖ తెరుచుకుంది.

రజనును అప్పగించే చోట

లెక్క మొదలయ్యే చోటు తూకపు బల్ల. 1837 నాటి టంకశాల చట్టం ప్రకారం, వీలైనంత వరకు బంగారం తెచ్చిన మనిషి కళ్ల ముందే తూచి, బరువు రాసిన రసీదు అతనికి ఇవ్వాలి. 100 డాలర్లకు తక్కువ విలువైన సరుకును టంకశాల నిరాకరించవచ్చు. అందువల్ల చిన్న గనివాళ్లు నేరుగా టంకశాలకు రాకుండా తమ రజనును వర్తకులకో బ్యాంకర్లకో అమ్ముకుంటే, వాళ్లు పోగుచేసి పెద్ద మూటలుగా తెచ్చేవారు.

ఒక ఉదాహరణను చివరి దాకా తీసుకెళదాం. ఒక వర్తకుడు 100 ట్రాయ్ ఔన్సుల (బంగారాన్ని తూచే ఔన్సుల) రజను తెచ్చాడనుకోండి. రసీదు మీద 100 అని ఉంటుంది కానీ ఆ అంకెతో విలువ కట్టకూడదు. రజనులో నల్లని ఇనుప ఇసుక, మట్టి, తడి కలిసి ఉంటాయి. ప్రతి ఒక్కరి సరుకునూ విడిగా, దాని సంఖ్యతోనే, విడి మూసలో (లోహం కరిగించే పాత్రలో) వెలిగారం వేసి కరిగిస్తారు. మలినాలు తెట్టుగా పైకి చేరి, అడుగున లోహం మిగులుతుంది. మన ఉదాహరణలో మూడు శాతం తరుగు పోయి 97 ఔన్సుల కడ్డీ వచ్చిందనుకుందాం. ఇద్దరి సరుకును ఒకే మూసలో కరిగిస్తే ఎవరి బంగారం ఏ వన్నెదో, అంటే ఎంత శుద్ధమైనదో, ఇక ఏ పరీక్షా చెప్పలేదు కనుక, జనం ఎంత తొందరపెట్టినా ఈ మెట్టును కుదించడానికి వీల్లేదు. టంకశాల మీద నమ్మకమంతా ఈ విడి మూసల మీదే నిలబడిందని నా అభిప్రాయం.

మచ్చు తీసి వన్నె కట్టడం

కడ్డీ చల్లారాక పై వైపు నుంచి ఒక ముక్క, కింది వైపు నుంచి ఒక ముక్క మచ్చుగా తీస్తారు. రెండు చోట్ల నుంచి తీయడానికి కారణం, కడ్డీ అంతటా లోహం సమంగా కలిసిందో లేదో తెలుసుకోవడమే. అర గ్రాము మచ్చును జాగ్రత్తగా తూచి, దానికి దాదాపు మూడు రెట్ల వెండిని చేర్చి, సీసపు రేకులో చుట్టి, ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో పెట్టి కొలిమిలో పుటం పెడతారు. సీసం కరిగి, రాగి వంటి నీచ లోహాలను తనతో కలుపుకుని, బూడిద గిన్నెలోకి ఇంకిపోతుంది. బంగారం, వెండి మాత్రం చిన్న గుండులా పైన మిగులుతాయి. ఆ గుండును సాగగొట్టి, పలుచని రేకుగా చేసి, చుట్టగా చుట్టి, నత్రికామ్లంలో మరిగిస్తే వెండి కరిగిపోయి, గోధుమరంగు బంగారపు చుట్ట మిగులుతుంది. దాన్ని కడిగి, కాల్చి, తిరిగి తూస్తే మొదటి బరువులో వేయింట ఎన్ని వంతులు బంగారమో తేలుతుంది.

కాలిఫోర్నియా బంగారం వన్నె సగటున వేయింట 880, 890 మధ్య ఉండేది. మిగిలినదాంట్లో అధిక భాగం వెండి. మన కడ్డీకి 885 వచ్చిందనుకుంటే, 97ను 0.885తో గుణిస్తే 85.845 ఔన్సుల మేలిమి వస్తుంది. దీన్ని 20.6718తో గుణిస్తే 1,774.57 డాలర్లు. 1853 ఫిబ్రవరి చట్టం విధించిన అర శాతం ముద్రణ రుసుము 8.87 డాలర్లు తీసేస్తే 1,765.70 మిగులుతుంది. వెండిని విడదీసే ఖర్చు దీనికి అదనం. విడిపోయిన వెండి విలువ ఆ ఖర్చును మించితే ఆ మిగులు వర్తకుడి ఖాతాలో చేరేది. ఇదే రజనును 16 డాలర్ల చొప్పున అంగట్లో ఇచ్చి ఉంటే వచ్చేది 1,600 మాత్రమే. వంద ఔన్సుల మీద నూటయాభై డాలర్లకు పైబడిన ఈ తేడాను చూస్తే టంకశాల వాకిట జనం ఎందుకు గుమిగూడారో వేరే చెప్పనక్కరలేదు.

వెండిని విడదీయడం

ఇక్కడ నెమ్మదిగా చదవండి, ఎందుకంటే 1854 లెక్కలో ముడి ఇక్కడే ఉంది. అప్పటి చట్టం ప్రకారం నాణెపు బంగారం వన్నె వేయింట 900 ఉండాలి. మిగిలిన 100 వంతుల్లో వెండి సగాన్ని మించకూడదు, అంటే వేయింట 50 వంతులకు ఎక్కువ ఉండరాదు. గని నుంచి వచ్చిన బంగారంలో వెండే వేయింట నూరు వంతులకు పైగా ఉంది. కాబట్టి బంగారాన్ని నేరుగా కరిగించి అచ్చు వేయడం కుదరదు. శుద్ధి చేసిన బంగారాన్నీ, చేయని బంగారాన్నీ కలిపి హద్దులోకి తెద్దామన్నా, 885 వన్నె, 110 వంతుల వెండి ఉన్న సరుకుతో లెక్క వేసి చూస్తే కనీసం సగం బంగారాన్ని ఆమ్లంలో శుద్ధి చేయక తప్పదు. ఇది ఎవరి కాగితం మీదైనా తేలే లెక్క. టంకశాల తెరవకముందే ఈ చిక్కు బయటపడింది. ప్రభుత్వ పరీక్షా కార్యాలయం వేసిన 1852 నాటి నాణేల మీద 884 అని, 887 అని వన్నె ముద్రించి కనిపిస్తుంది. 900కు చేర్చడానికి కావలసిన ఆమ్లం చేతిలో లేకపోవడం వల్ల ఉన్న వన్నెనే నిజాయితీగా చెక్కారు.

విడదీసే పద్ధతి వింతగా ఉంటుంది. బంగారంలోని వెండిని తీయడానికి ముందు దానికి ఇంకా ఎక్కువ వెండిని కలపాలి. బంగారం వంతు ఎక్కువగా ఉంటే అది వెండిని కప్పేసి ఆమ్లాన్ని లోపలికి రానివ్వదు. అందుకని మొత్తంలో బంగారం సుమారు నాలుగో వంతు ఉండేలా వెండిని చేర్చి కరిగించి, ఆ ద్రవాన్ని నీళ్లలోకి ధారగా పోసి గుళికలుగా మారుస్తారు. గుళికలను పింగాణీ జాడీల్లో వేసి నత్రికామ్లంలో వేడిచేస్తే వెండి ద్రావణంలోకి వెళ్లిపోతుంది; బంగారం గోధుమరంగు పొడిగా అడుగున నిలుస్తుంది. ఆ పొడిని పలుమార్లు వేడినీళ్లతో కడిగి, ఒత్తి, ఎండబెట్టి, మళ్లీ కరిగిస్తారు. ద్రావణంలో ఉప్పునీళ్లు పోస్తే వెండి తెల్లని ముద్దగా విరుగుతుంది. దాన్ని జింకుతో మళ్లీ వెండిగా మార్చి తరువాతి విడతకు వాడుకుంటారు. అంటే వెండి తిరిగి చేతికి వస్తుంది, ఆమ్లం మాత్రం ఖర్చైపోతుంది. బంగారానికి మూడు రెట్ల వెండిని కరిగించేంత ఆమ్లం ప్రతి విడతకూ కొత్తగా కావాలి. పశ్చిమ తీరంలో ఆనాడు అది సులభంగా దొరికే వస్తువు కాదు. బంగారం ఎంత వచ్చినా, ఆవిరి యంత్రం ఎంత వేగంగా తిరిగినా, నాణేల సంఖ్యను నిర్ణయించింది జాడీల్లోని ఆమ్లమే.

ఈ గదిలోనే ఇంకో ఇబ్బందిని కూడా గమనించాలి. కాలిఫోర్నియా రజనులో ఇరిడియం, ఆస్మియం కలిసిన గట్టి రేణువులు ఉండేవి. అవి బంగారం కరిగే వేడికి కరగవు, నత్రికామ్లానికి లొంగవు, నాణెంలోకి చేరితే అచ్చునే పాడుచేస్తాయి. విడదీయడానికి కలిపే వెండి ఇక్కడ రెండో ఉపకారం చేస్తుంది. బంగారం సాంద్రత నీటికి 19 రెట్లకు పైగా ఉంటే, వెండి ఎక్కువగా కలిసిన మిశ్రమం అంతకంటే చాలా తేలిక. అప్పుడు ఆ బరువైన రేణువులు మూస అడుగుకు దిగిపోతాయి, పైనున్న లోహాన్ని మెల్లగా వంపుకోవచ్చు. ఎంత చవకైన ఉపాయమో చూడండి.

అచ్చు దాకా

మిగిలిన మెట్లను త్వరగా దాటవచ్చు. శుద్ధ బంగారానికి రాగి చేర్చి 900 వన్నెకు తెస్తారు. మన 85.845 ఔన్సుల మేలిమి ఇప్పుడు 95.38 ఔన్సుల నాణెపు బంగారం అవుతుంది. దాన్ని కడ్డీలుగా పోసి, మళ్లీ పరీక్షించి, రోలర్ల మధ్య రేకులుగా సాగదీసి, మధ్యమధ్య కాల్చి మెత్తబరచి, గుండ్రని బిళ్లలుగా కత్తిరిస్తారు. కత్తిరించగా మిగిలిన చిల్లుల రేకు తిరిగి మూసలోకి పోతుంది. ప్రతి బిళ్లనూ తూచి, బరువెక్కువైతే అంచును ఆకురాయితో అరగదీస్తారు, తక్కువైతే మళ్లీ కరిగిస్తారు. ఇరవై డాలర్ల నాణెం బరువు 516 గ్రెయిన్లు, పది డాలర్లది 258, ఐదు డాలర్లది 129, ఒక డాలరుది 25.8. ఔన్సుకు 480 గ్రెయిన్లు కనుక మన వర్తకుడి బంగారం దాదాపు 88 ఇరవై డాలర్ల నాణేలు, పైన మరికొంత చిల్లర అవుతుంది. అచ్చులు ఫిలడెల్ఫియా నుంచి వచ్చేవి. గద్ద బొమ్మ ఉన్న వైపు చిన్న ఎస్ అక్షరం ఉంటే ఆ నాణెం శాన్ ఫ్రాన్సిస్కోది.

ఇప్పుడు మొదటి అంకెలకు తిరిగి రండి. ఒక్కొక్క నాణెం సంఖ్యను దాని విలువతో గుణించి కూడితే మొత్తం సరిగ్గా 40,84,207 డాలర్లు వస్తుంది. అంటే సుమారు 1,97,570 ఔన్సుల మేలిమి, ఆరు టన్నులకు పైమాట. అందులో ఇరవై, పది డాలర్ల నాణేల వాటా 99.6 శాతం. శుద్ధమైన బంగారం కొద్దిగా ఉండి, దానికోసం ఎదురుచూసేవారు ఎక్కువగా ఉన్నప్పుడు, నాలుగు చిన్న నాణేలు కత్తిరించి, తూచి, అరగదీసే శ్రమకు బదులు ఒక్క పెద్ద నాణెంతో ఇరవై డాలర్ల బాకీ తీరిపోతుంది. నాకు తోచినంతలో 268 అన్న అంకెకు సరైన వివరణ ఇదే. శుద్ధి కాని బంగారాన్ని బరువు, వన్నె చెక్కిన కడ్డీలుగా కూడా తిరిగి ఇచ్చేవారు కనుక, ఆ ఏడాది టంకశాలకు వచ్చిన మొత్తం బంగారాన్ని కేవలం నాణేల అంకెతో కొలవకూడదు.

తరుగును సరిచూడటం

చివరిగా, లోపలికి వచ్చిన మేలిమిలోంచి బయటకు వెళ్లిన మేలిమిని తీసేస్తే మిగిలే తేడాను విడిగా రాసుకోండి. అది సున్నా కాదు, కాకూడదు కూడా. పగిలిన మూసల్లో, నేల ఊడ్చిన దుమ్ములో, కడిగిన నీళ్లలో, కొలిమి మసిలో బంగారం చిక్కుకుంటుంది. వాటిని పొడిచేసి, కడిగి, కొంత తిరిగి రాబట్టాలి. ఈ అంకె ఎంత ప్రమాదకరమైనదో అగోస్టన్ హరాస్తీ జీవితంలో కనిపిస్తుంది. ద్రాక్ష సాగుతో తరువాత పేరుపొందిన ఈ హంగేరీ వలసదారు, టంకశాలలో మొదట పరీక్షాధికారిగా, ఆ తర్వాత కరిగించి శుద్ధి చేసే విభాగానికి అధికారిగా పనిచేశాడు. లక్షన్నర డాలర్ల మేర బంగారం తగ్గిందని 1857లో ఆయన మీద నేరం మోపారు. విశ్రాంతి లేకుండా మండిన కొలిములలోంచి బంగారం పొగతోపాటు పొగగొట్టం దాటి పోయిందన్నది ఆయన పక్షం వాదన. సివిల్ దావా కూడా ముగిసి ఆయన నిర్దోషిగా బయటపడేసరికి 1861 వచ్చింది. అందుకే ఆ కాలపు తరుగు లెక్కను చదివేటప్పుడు ఆ నెలల్లో కొలిములు ఎన్ని గంటలు మండాయో, పొగగొట్టాల మసిని ఎప్పుడు తీసి కడిగారో ముందు వెతికి, ఆ తర్వాతే మనుషుల పేర్ల దాకా వెళ్లండి.