మూలనపడ్డ ట్రాక్టర్‌ను దమ్ముకు దించేముందు

పోయిన నెల మా మండలంలో ఒక యువ రైతు, తండ్రి నడిపిన ట్రాక్టర్ చక్రం కిందే పడి చనిపోయాడు. తండ్రి పోయాక ఆరేళ్ళుగా తాటాకు పాకలో నిలిచిపోయిన బండి అది. చెన్నైలో పని మానుకొని ఊరికి వచ్చిన కొడుకు, ఈ ఖరీఫ్‌కు సొంత మడులను సొంత బండితోనే దమ్ము చేయాలన్న ఆశతో కొత్త బ్యాటరీ కొని, డీజిల్ పోసి, తాళం తిప్పి చూశాడు. చప్పుడు లేదు. కిందికి దిగి, ముందు చక్రానికీ వెనక చక్రానికీ నడుమ నిలబడి, ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు బోల్టుల మీద స్పానర్ అడ్డంగా పెట్టాడు. ఇంజన్ వెంటనే అందుకుంది. బండి గేరులో ఉంది.

ఇలాంటి బండ్లు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తక్కువేమీ లేవు. వలస వెళ్ళినవారి పెరళ్ళలో కొన్ని, యజమాని మంచాన పడడంతో ఆగిపోయినవి కొన్ని, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు ఉద్దానంలో తోటలతో పాటు పాకలూ కూలినప్పుడు తడిసి, ఆపై ఉప్పుగాలికి తుప్పు పట్టినవి కొన్ని. మృగశిర కార్తెలో వాన పడి, నారుమడి పచ్చబడి, ఉభాలకు, అంటే వరి నాట్లకు, అద్దె ట్రాక్టర్ దొరకని రోజున అందరి చూపూ వాటి మీదే పడుతుంది. ఇంజన్ ఆయిల్ మార్చడం, రేడియేటర్‌లో నీళ్ళు చూడడం వంటివి రైతులకు నేను చెప్పనక్కరలేదు. చెప్పి తీరవలసింది ఒక్కటి ఉంది: నేల మీద నిలబడి సెల్ఫ్‌ను డైరెక్ట్ చేయవద్దు, అంటే తాళం తిప్పకుండా స్పానర్‌తో తాకించి స్టార్ట్ చేయవద్దు.

సెల్ఫ్ దగ్గర

చాలా ట్రాక్టర్లలో సెల్ఫ్ మోటారు ఇంజన్ పక్కన, వెనక చక్రానికి కాస్త ముందు ఉంటుంది. దానిని స్పానర్‌తో తాకించాలంటే మనిషి నిలబడగలిగిన చోటు ఆ చక్రం దారి ఒక్కటే. వెనక టైరు దాదాపు గుండెల ఎత్తు ఉంటుంది, మనిషికీ దానికీ నడుమ మూర దూరం కూడా ఉండదు, కనుక బండి ఎంత నెమ్మదిగా కదిలినా తప్పుకొనే వ్యవధి దొరకదు. పైగా డీజిల్ ఇంజన్ అడ్డం తగిలినంత మాత్రాన ఆగదు. బరువు పెరిగి వేగం తగ్గగానే గవర్నర్ మరింత డీజిల్ అందించి ఆ వేగాన్ని నిలబెడుతుంది. పొలంలో మనకు మేలు చేసే ఆ గుణమే అక్కడ మనిషిని చంపుతుంది.

క్లచ్ తొక్కితే తప్ప, లేదా గేరు న్యూట్రల్‌లో ఉంటే తప్ప సెల్ఫ్‌కు కరెంటు పోకుండా ఆపే స్విచ్చి కొన్ని బండ్లకు ఉంటుంది. డైరెక్ట్ చేసినప్పుడు కరెంటు ఆ స్విచ్చిని దాటిపోతుంది. ఆ స్విచ్చి ఉన్న బండి కదా అని ధైర్యపడి డైరెక్ట్ చేసినవారిని నేను చూశాను.

తాళం పని చేయకపోతే తాళం స్విచ్చిని మార్చాలి. అది కొన్ని వందల రూపాయల వస్తువు. వైర్లను ఎలుకలు కొరికి ఉంటే వైరింగ్ మొత్తం కొత్తది వేయించాలి. హెచ్‌.ఎం.టి. బండ్లున్నవారు విడిభాగాలు దొరకవన్న సాకు చెబుతుంటారు. ఆ కంపెనీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన మాట నిజమే, కానీ తాళం స్విచ్చి, సోలినాయిడ్ (తాళం తిప్పగానే సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్చి), వైర్లు ఏ బండివైనా సరిపోయేలా అమర్చగల ఎలక్ట్రీషియన్ రాజాంలో దొరుకుతాడు, పాలకొండలో దొరుకుతాడు. సెల్ఫ్ మోటారు మీదనే అనుమానం ఉంటే దానిని విప్పి షాపులో, బండికి దూరంగా, బల్ల మీద బిగించి పరీక్ష చేయించాలి.

క్లచ్, గేరు

ఏళ్ళ తరబడి నిలిచిన బండిలో, ముఖ్యంగా మన తీర మండలాల తేమకు, క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అంటుకుపోతుంది. పెడల్ మామూలుగానే కిందికి దిగుతుంది, కానీ ఇంజన్‌కూ గేరుబాక్సుకూ లంకె తెగదు. అందుచేత క్లచ్ తొక్కి ఉంచాను కదా అన్న నమ్మకం ఆ బండి మీద పనికిరాదు. గేరు లివరు వదులై ఊగుతున్నా లోపల గేరు పడే ఉండవచ్చు. మెయిన్ గేరు లివరు, హై-లో లివరు, పీటీవో (వెనక తగిలించిన పనిముట్లను తిప్పే ఇరుసు) లివరు మూడూ న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్ ఆపి ఉండగానే ఇద్దరు మనుషులు బండిని కాస్త ముందుకూ వెనక్కూ తోసి చూడాలి. కదిలితే న్యూట్రల్. కదలకపోతే గేరు పడి ఉండవచ్చు, బ్రేకులు పట్టేసి ఉండవచ్చు. ఏదో తేలేవరకు సెల్ఫ్ జోలికి వెళ్ళవద్దు. తేలిన తరువాత చక్రాలకు ముందూ వెనకా మొద్దులు పెట్టి, సీటు మీద కూర్చొని తాళంతోనే స్టార్ట్ చేయాలి. కింద నిలబడి కాదు.

ఇంజన్ తొలి తిప్పు

పిస్టన్లు జామ్ అయిన ఇంజన్‌ను ఇంకో ట్రాక్టర్‌కు గొలుసు కట్టి లాగించి స్టార్ట్ చేయాలని చూసేవారు కనెక్టింగ్ రాడ్లు వంచుకొని, హెడ్డు విప్పవలసిన పనిని మొత్తం ఇంజన్ విప్పే పనిగా చేసుకుంటారు. డీజిల్ చిమ్మే నాజిళ్ళు తీసి, ప్రతి సిలిండర్‌లో కొద్దిగా ఇంజన్ ఆయిల్ పోసి, ఒకటి రెండు రోజులు నాననిచ్చి, ముందు పుల్లీ బోల్టుకు పెద్ద స్పానర్ వేసి చేత్తో తిప్పాలి. పూర్తిగా రెండు చుట్లు తిరిగితేనే నాజిళ్ళు బిగించాలి. పాత డీజిల్ అడుగున నీరు, జిగురు చేరి ఉంటాయి కనుక ట్యాంకు ఖాళీ చేసి కడిగి, ఫిల్టర్లు మార్చి, ఆ తరువాత డీజిల్ గొట్టాల్లో చేరిన ఎయిర్ తీయాలి.

డీజిల్ పంపు లోపల డీజిల్‌ను ఎక్కువ తక్కువ చేసే రాక్ బిగుసుకుపోయి ఉంటే ఇంజన్ అందుకున్న మరుక్షణం నుంచి అదుపు లేకుండా వేగం పెరిగి పగిలిపోయే ప్రమాదం ఉంది. ముందుగానే స్టాప్ నాబ్ లాగి, పంపు మీద లివరు కదులుతోందో లేదో చూడాలి. ఇంజన్‌కు గాలి వచ్చే గొట్టాన్ని విప్పి ఉంచుకొని, అదుపు తప్పితే దాని నోరు మూసి ఇంజన్ ఆపడానికి సరిపడే చెక్క పలకను ఒక మనిషి పట్టుకొని పక్కన, చక్రం దారిలో కాకుండా, నిలబడాలి. అరచేయి అడ్డం పెట్టవద్దు. తువ్వాలు అసలే వద్దు, లోపలికి లాగేసుకుంటుంది.

ఇక మిగిలినవి వరుసగా చెబుతున్నాను.

బ్యాటరీ ఛార్జింగ్‌లో ఉండగా దగ్గర బీడీ వెలిగించవద్దు. నాజిల్ చిమ్మే డీజిల్‌కు వేలు అడ్డం పెట్టి చూడవద్దు. చర్మం చీల్చుకొని లోపలికి దిగుతుంది, పైకి చిన్న చుక్కలా కనిపించినా ఆ వేలిని కాపాడాలంటే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఎయిర్ క్లీనర్‌లోకి, క్లచ్ హౌసింగ్‌లోకి చూడకుండా చేయి పెట్టవద్దు, పాము ఉండవచ్చు. తలుపులు మూసిన పాకలో ఇంజన్ నడపవద్దు. టైరు బిగించి ఉన్న రిమ్‌కు వెల్డింగ్ చేయించవద్దు, వేడికి టైరు పేలుతుంది. డీజిల్ ట్యాంకుకు వెల్డింగ్ చేయించవద్దు, ఖాళీ ట్యాంకైనా సరే. ఇటుకల మీద జాకీ ఎత్తవద్దు. పైకెత్తిన గొర్రు కిందికి దూరవద్దు. బ్రేకులు రెండు వైపులా సమానంగా పట్టకుండా బండిని గట్టు దాటించవద్దు. దమ్ము మడిలో చక్రాలు కూరుకుపోతే చక్రానికి దుంగ కట్టి ముందుకు లాగించవద్దు. చక్రం తిరగలేక బండి ముందు భాగం లేచి డ్రైవర్ మీదికి వెనక్కి తిరగబడుతుంది. లుంగీతో పీటీవో దగ్గరకు వెళ్ళవద్దు, అది సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది.

నేల మీద నిలబడి డైరెక్ట్ చేయవద్దు. ఒక్కసారికే అనవద్దు. మెకానిక్ చేస్తానన్నా చేయనివ్వవద్దు, అతనికీ ఇంట్లో పిల్లలున్నారు. నేను సీటు మీద కూర్చొని క్లచ్ తొక్కి ఉంచుతాను, నువ్వు కింద తాకించు అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ క్లచ్ ఆరేళ్ళుగా అంటుకుపోయి ఉంది. కింద ఉన్నది నువ్వు.