చలి ముదరకముందే: ఇంట్లో సొంతంగా కట్టుకునే వేడినీళ్ల ట్యాంకుకు జాగ్రత్తలు

అమెరికా ఈశాన్యాన మెయిన్, వెర్మాంట్, ఎగువ న్యూయార్క్ ప్రాంతాల్లో కట్టెల బాయిలర్‌తో ఇల్లు వెచ్చబెట్టుకునేవారిలో కొందరు దాని పక్కనే పెద్ద వేడినీళ్ల ట్యాంకు పెట్టుకుంటారు. పొద్దున ఒక్కసారి కట్టెలు బాగా మండించి ఆ వేడిని నీళ్లలో దాచితే, రాత్రంతా ఆ నీళ్లే గదులను కాపాడతాయి. 2,000 లీటర్ల నీరు 80 డిగ్రీల సెల్సియస్ నుంచి 40 డిగ్రీలకు చల్లారేలోపు దాదాపు 93 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి ఇస్తుంది. అక్కడ సొంత ఇల్లు కొనుక్కున్న తెలుగువారిలో చేతిపని వచ్చినవారికి ఈ ట్యాంకు తామే కట్టుకోవాలనిపించడం సహజం. అయితే మంచు పడేలోగా ముగించాలన్న తొందరలో కొన్ని సంగతులు వదిలేస్తే ప్రాణాల మీదికి వస్తుంది.

మొదట తేల్చుకోవలసింది ట్యాంకు గాలికి తెరిచి ఉండేదా, బిగించి మూసేదా అన్నది. మన పెరట్లో నీళ్లు కాచే రాగి కాగుకు మూత ఉన్నా అది ఊరికే పెట్టినదే గనుక, నీళ్లు మరిగితే ఆవిరి దాన్ని నెట్టుకుని బయటపడుతుంది. కుక్కర్‌లో అలా కాదు. అక్కడ వెయిటూ సేఫ్టీ వాల్వూ పనిచేస్తేనే క్షేమం. ఒక లీటరు నీరు పూర్తిగా ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. అంతదాకా పోనక్కర్లేదు: 2,000 లీటర్ల నీరు 10 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు వేడెక్కినా సుమారు 57 లీటర్లు పెరుగుతుంది, ఆ పెరిగినదానికి చోటు లేకపోతే ఇనుమునైనా చీలుస్తుంది. అందుకే సొంతంగా కట్టేవారు కాగు తరహా ట్యాంకే కట్టాలనీ, ఒత్తిడితో పనిచేసే ట్యాంకును లైసెన్సు ఉన్నవారికే వదిలేయాలనీ నేను గట్టిగా చెబుతాను. పాత ప్రొపేన్ ట్యాంకు చవగ్గా దొరికిందని ఇంటి దగ్గర కోయడం, వెల్డింగ్ చేయడం అసలే వద్దు. ఖాళీగా కనిపించే ట్యాంకులోనూ గ్యాసు మిగిలి ఉండి, నిప్పురవ్వ తగలగానే పేలవచ్చు.

ఇక బరువు. 2,000 లీటర్లంటే రెండు టన్నులు; దాన్ని చెక్క అంతస్తు మీద కాక బేస్‌మెంట్ కాంక్రీటు నేల మీదే నిలపాలి. కిందికి పడే బరువు అందరికీ తడుతుంది కానీ, పక్కకు తోసే బలం తట్టదు. 1.2 మీటర్ల లోతు నీరు 1.4 మీటర్ల వెడల్పున్న గోడను దాదాపు టన్ను బలంతో నెడుతుంది, అదీ అడుగు భాగంలోనే ఎక్కువ. మా ప్లైవుడ్ ట్యాంకును మొదటిసారి నింపిన రోజు, బయటివైపు రెండు మూలల్లో మేకులు కొట్టి, వాటి మధ్య దారం బిగించి చూశాం. పొద్దున దారానికీ గోడకూ మధ్య బొటనవేలు పట్టేంత సందు ఉంది. సాయంత్రానికి గోడ ఉబ్బి, నడిమధ్యన దారాన్ని తాకింది. ఆ రాత్రే నీళ్లన్నీ తోడేసి, మందపాటి చెక్క పట్టీలను మొలకట్టులా నాలుగు వైపులా బిగించాం, అడుగున మరింత దగ్గర దగ్గరగా.

నీళ్లు కారకుండా ట్యాంకు లోపల పరిచే ఈపీడీఎమ్ (నీటికీ వేడికీ ఓర్చే ఒక రకం) రబ్బరు షీటు ఒకే ముక్కగా ఉండాలి. మూలల్లో కోయకుండా మడత పెట్టాలి. పైపులను గోడకు రంధ్రం చేయకుండా నీటిమట్టానికి పైనుంచే దించాలి. వేడి బయటికి పోకుండా పెట్టే ఫోమ్ విషయంలో చాలామంది పొరపడతారు: థర్మాకోల్, గట్టి పాలిస్టైరీన్ షీట్లు 75 డిగ్రీల దగ్గరే మెత్తబడి కుంగుతాయి. రబ్బరు షీటుకు ఆనుకునే పొర పాలీఐసో ఫోమ్ వంటి వేడికి ఓర్చే రకం కావాలి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది మంచు తుఫాను రాత్రి కరెంటు పోవడం. పంపు ఆగిపోతుంది, కట్టెలు మాత్రం మండుతూనే ఉంటాయి. ట్యాంకు తెరిచినదే అయినా, బాయిలర్‌కూ ట్యాంకు నీళ్లలో మునిగి వాటికి వేడినిచ్చే రాగి గొట్టపు కాయిల్‌కూ మధ్య తిరిగే నీరు మూసిన పైపుల్లోనే ఉంటుంది గనుక, ఆ దారికి ఎక్స్‌పాన్షన్ ట్యాంకు (వేడెక్కి పెరిగిన నీటికి చోటిచ్చేది), రిలీఫ్ వాల్వు (ఒత్తిడి మితిమీరితే నీటిని బయటికి వదిలేది) రెండూ తప్పనిసరి. వాటితోపాటు కరెంటు పోగానే దానంతటదే తెరుచుకునే వాల్వు పెట్టి, పంపు లేకుండానే వేడినీరు పైకెక్కి చల్లారి దిగివచ్చేలా పై అంతస్తు రేడియేటర్‌కు ఒక దారి ఉంచాలి. రిలీఫ్ వాల్వు పైపును నేల దగ్గరికి దించి వదలాలి. అది కారుతోందని బిరడా బిగించకూడదు. కారుతుంటే కారణం వెతకాలి.

స్నానపు నీళ్లకు ట్యాంకు నీటిని నేరుగా వాడకూడదు. వేరే కాయిల్ ద్వారా వేడెక్కించిన మంచినీటిని కూడా చన్నీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వుతో 49 డిగ్రీలకు దించాకే కుళాయికి వదలాలి. 60 డిగ్రీల నీరు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తుంది. ట్యాంకుకు పిల్లలు ఎత్తలేని, తాళం పడే మూత కావాలి, కాని ఆవిరి పోయే సందు మాత్రం దానికి ఉండాలి. బాయిలర్ ఉన్న గదిలోనూ పడకగదుల దగ్గరా కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాలి. స్థానిక అనుమతి, ఇంటి బీమా సంగతి పని మొదలుపెట్టకముందే కనుక్కోవాలి.

అంతా బిగించాక చల్లటి నీళ్లు నింపి, మట్టం దగ్గర గీత గీసి, వారం రోజులు అలాగే ఉంచండి. గీత కదలకపోతే మొదటి రోజు 40 డిగ్రీలకు, మర్నాడు 60 డిగ్రీలకు తెచ్చి, ప్రతిసారీ దారాన్నీ మూలలనూ చేత్తో తడిమి చూశాకే పై వేడికి పోండి.