చెక్క లాయంలో వచ్చే ఇబ్బందులు: కనిపించే గుర్తు, అసలు కారణం, సరిచేసే పద్ధతి

ఇంటి దగ్గరే గుర్రాన్ని పెట్టుకుని దానికో చెక్క లాయం కట్టాలనుకునేవాళ్ళు ముందు అడిగేది ఏ చెక్క వాడాలి, ఎంత మందం ఉండాలి అని. అవి తెలియాల్సినవే. కానీ కట్టిన ఏడాదికో రెండేళ్ళకో బయటపడే ఇబ్బందులకు ఎక్కువసార్లు చెక్క కారణం కాదు. నీళ్ళు ఎటు పోతున్నాయి, గాలి ఎటు ఆడుతోంది అన్నది చూసుకోకపోవడమే కారణం. అందుకే ప్రతి ఇబ్బందినీ కంటికి కనిపించే గుర్తుతో మొదలుపెట్టాను. లాయం ఉన్నవాళ్ళు తమ సమస్య దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు. కొత్తగా కట్టబోయేవాళ్ళు మాత్రం మొత్తం చదవండి. వీటిలో సగం ప్లాన్ గీసేటప్పుడే సరిచేసుకోవచ్చు.

పొద్దున్నే తలుపు తీయగానే కళ్ళు మండుతున్నాయి, గుర్రం దగ్గుతోంది

నిలబడి ఉంటే వాసన అంతగా తెలియకపోవచ్చు. గుర్రం నేల మీది గడ్డి తినేటప్పుడు, పడుకున్నప్పుడు దాని ముక్కు ఎక్కడుంటుందో మీరూ అక్కడికి వంగాలి. మోకాళ్ళ మీద కూర్చుని, పరుపుకి (గుర్రం కింద నేల మీద పరిచే గడ్డికి, పొట్టుకి) జానెడు ఎత్తులో నాలుగుసార్లు ఊపిరి పీల్చండి. ముక్కు చురుక్కుమంటే అది అమ్మోనియా. రాత్రంతా గుర్రం పీల్చింది ఆ గాలినే.

మూత్రంలోని యూరియాను పరుపులో పెరిగే బ్యాక్టీరియా అమ్మోనియాగా మారుస్తుంది. 450 కిలోల గుర్రం రోజుకి లద్దె, మూత్రం కలిపి 20 కిలోలకు పైగా వేస్తుంది కాబట్టి ఆ తడిని అలా వదిలేస్తే వాసన పెరుగుతూనే ఉంటుంది. ఇక రెండో కారణం, చలి వేస్తుందేమోనని మనం సందులన్నీ మూసేయడం. ప్రేమ కొద్దీ చేసే పొరపాటిది. ఒళ్ళు తడవకుండా, ఈదురుగాలి నేరుగా తగలకుండా ఉంటే గుర్రం చలిని బాగానే ఓర్చుకుంటుంది. మగ్గిన గాలిని మాత్రం దాని ఊపిరితిత్తులు ఓర్చుకోలేవు.

తడిసిన పరుపుని రోజూ నేల కనిపించేదాకా తీసేయాలి. పైపైన లద్దె ఏరితే సరిపోదు. గాలికి రెండు దారులు కావాలి. చూరు కింద రెండు వైపులా లోపలికి వచ్చే దారి, కొప్పు మీద పొడవునా బయటికి పోయే దారి. చూరు దగ్గర ఒక్కో గుర్రానికి కనీసం ఒక చదరపు అడుగు ఖాళీ ఎప్పుడూ తెరిచే ఉండాలి. గుర్రం ఒంటి వేడికి గాలి పైకి లేచి కొప్పులోంచి పోతుంది, ఆ చోటులోకి చూరు కింద నుంచి కొత్త గాలి వస్తుంది. గదుల మధ్య గోడని పైదాకా పలకలతో మూయకుండా పై సగానికి ఊచలు పెట్టండి. ఊచల మధ్య సందు 3 అంగుళాలు దాటితే గిట్ట దూరి ఇరుక్కునే ప్రమాదం ఉంది. గుర్రం తల మీదే అటక కట్టి ఎండుగడ్డి దాచే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. ఆ దుమ్మూ బూజూ రాలేది గుర్రం ముక్కు మీదే. ఇవన్నీ చేశాక కూడా దగ్గు తగ్గకపోతే వెటర్నరీ డాక్టర్‌కి చూపించాలి.

వాన లేకపోయినా పైకప్పు రేకు నుంచి చుక్కలు పడుతున్నాయి

ముందు లీకా, చెమ్మా అన్నది తేల్చుకోండి. వాన పడినప్పుడే, ఏదో ఒక స్క్రూ దగ్గరో రేకుల అతుకు దగ్గరో కారితే అది లీకు. వాషర్ మార్చితే పోతుంది. వాన లేని చల్లటి ఉదయం రేకు అడుగు మొత్తం చెమటపట్టినట్టు ముత్యాల్లా చుక్కలు కనిపిస్తే అది గుర్రం ఊపిరిలోని ఆవిరి. రాత్రి చల్లబడ్డ రేకుకి తగిలి నీరైంది. లీకేమోనని కొప్పు సందుని కూడా మూసేసేవాళ్ళున్నారు. అలా చేస్తే ఆవిరి పోయే దారి లేక చుక్కలు ఇంకా ఎక్కువవుతాయి, కొన్నాళ్ళకి వాసాలు బూజుపడతాయి.

కొప్పు తెరవండి. రేకు కింద చెక్క పలకలో ఇన్సులేషన్ షీటో వేస్తే ఆవిరి నేరుగా చల్లటి లోహాన్ని తాకదు. కొత్తగా కట్టేటప్పుడైతే ఇది రేకు వేయకముందే చేయాలి. తర్వాత పని రెట్టింపవుతుంది.

స్తంభాల అడుగు నల్లబడింది, మెత్తగా ఉంది

స్క్రూడ్రైవర్ మొన పెట్టి గట్టిగా నొక్కి చూడండి. మంచి చెక్కయితే మొన ఆగిపోతుంది. పుచ్చిన చెక్కలో అంగుళం లోపలికి దిగుతుంది, తీస్తే తడి పొట్టు అంటుకుని వస్తుంది.

చెక్కలో నీళ్ళు పీల్చే సన్నటి గొట్టాలు నిలువునా ఉంటాయి. స్తంభం కోసిన అడుగు భాగం మట్టిలోనో తడి సిమెంటు మీదో నిలబడితే అది వత్తిలా నీటిని పైకి లాగుతుంది. చూరు నుంచి పడే వాన నేల మీద పడి చిమ్మడం, తడి పరుపు నెలల తరబడి పలకలకి ఆనుకుని ఉండడం, బయట గోడకి లద్దె పోగెయ్యడం దానికి తోడవుతాయి. ఆ తడికి చెదలు కూడా చేరతాయి.

పుచ్చింది కొంచెమే అయితే కప్పుకి ముందు గట్టి ఊతం ఇచ్చి, గట్టి చెక్క వచ్చేదాకా కోసేసి, కింద కాంక్రీటు దిమ్మ కట్టి, దాని మీద గాల్వనైజ్డ్ ఇనుప పాదంలో స్తంభాన్ని నిలబెట్టొచ్చు. కోసిన ముఖానికి చెక్క మందు రెండుసార్లు పట్టించడం మర్చిపోవద్దు. కొత్త లాయానికైతే చెక్క మొదలవకముందే 8, 9 అంగుళాల ఎత్తు ఇటుక లేదా కాంక్రీటు గట్టు కట్టి, దాని మీద చెమ్మ ఎక్కకుండా షీటు పరిచి, ఆపైన అడుగు దూలం వేయాలి. చూరుని రెండడుగులు బయటికి చాచి గట్టర్ పెట్టండి. చుట్టూ నేల లాయం నుంచి బయటికి వాలి ఉండాలి. అసలు స్థలం ఎంచుకునేటప్పుడే ఒక పెద్ద వాన పడ్డాక వెళ్ళి నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో చూసి రావడం మంచిది.

ఒక హెచ్చరిక. పాత రైలు స్లీపర్లు చవగ్గా దొరికాయని వాడొద్దు. వాటికి పట్టించే క్రియోసోట్ విషం, గుర్రం చెక్క కొరుకుతుంది. సీసం ఉన్న పాత రంగు వేసిన చెక్క కూడా పనికిరాదు.

తలుపు వాలిపోయి నేలకి రాసుకుంటోంది

లాయం తలుపు 4 అడుగుల వెడల్పు ఉండాలి, చాలా బరువుంటుంది. వాలిందంటే చాలామంది బందులు మారుస్తారు. నేనూ మొదటిసారి రెండుసార్లు మార్చాను. తలుపు మళ్ళీ వాలింది. తర్వాత తలుపు వెనక్కి వెళ్ళి చూస్తే ఏటవాలు పట్టీ తిరగేసి కొట్టి ఉంది.

ఆ చెక్క పట్టీ కింది చివర బందుల వైపు, పై చివర గొళ్ళెం వైపు ఉండాలి. అప్పుడు తలుపు బరువు పట్టీని నొక్కుకుంటూ కింది బందు మీదికి దిగుతుంది. తిరగేసి కొడితే బరువు పట్టీని లాగుతుంది. లాగుడుని మేకులు ఎక్కువకాలం ఆపలేవు. పట్టీ తిప్పి కొట్టాక, బందులకి స్క్రూలు కాకుండా పలకని దాటి అవతల నట్టు పడే బోల్టులు వేయండి.

వానాకాలంలోనే పట్టేస్తుంటే అది వాలడం కాదు, చెక్క ఉబ్బడం. వెంటనే చిత్రిక పట్టేయొద్దు, ఎండాకాలం వచ్చేసరికి సందు పడుతుంది. పచ్చి చెక్క వాడితే ఈ బాధ ఎక్కువ. బాగా ఆరిన చెక్కే కొనండి, చుట్టూ కొంచెం సందు వదలండి. తలుపు ఎప్పుడూ బయటికే తెరుచుకోవాలి. గుర్రం తలుపుకి ఆనుకుని పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపు కదలదు. పై గొళ్ళేన్ని పెదవులతో తీయడం చాలా గుర్రాలు నేర్చుకుంటాయి, అందుకే కింద ఇంకోటి పెట్టాలి.

గోడ పలకలు పగులుతున్నాయి, ఊడి వస్తున్నాయి

గుర్రం తన్నుతుంది, దాన్ని పూర్తిగా ఆపలేం. చూడాల్సింది పలకలు స్తంభానికి ఏ వైపు కొట్టారన్నది. బయటి వైపు కొడితే ప్రతి తన్నూ పలకని స్తంభం నుంచి ఊడదీస్తుంది. లోపలి వైపు కొడితే అదే తన్ను పలకని స్తంభానికి ఇంకా అదుముతుంది. నేల నుంచి నాలుగైదు అడుగుల దాకా 2 అంగుళాల మందం గట్టి చెక్క వేయండి. సన్న ప్లైవుడ్ పగిలితే కాలు దూరి చీరుకుపోతుంది.

పలకల మధ్యా, అడుగునా గిట్ట దూరే సందు ఉంచకూడదు. ఒకసారి మా గుర్రం పడుకుని కాళ్ళు చాచినప్పుడు వెనక గిట్ట అడుగు పలక కింద సందులో ఇరుక్కుంది. పలక కోసి తీసేసరికి మడమ పైన చర్మం లేచిపోయి ఉంది. చూడ్డానికి ఆ సందు చిన్నదే.

తలుపు అంచు, గాడి అంచు కొరికేస్తోంది

ఇందులో రెండు రకాలున్నాయి, వేరుగా చూడాలి. చెక్కని నమిలి ముక్కలు ఊడదీస్తుంటే దానికి నమలడానికి గడ్డి చాలడం లేదు, లేదా రోజంతా ఒంటరిగా నిలబడి ఉంటోంది. ఒంటి బరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం మేత, అంటే 450 కిలోల గుర్రానికి రోజుకి 7 నుంచి 9 కిలోల ఎండుగడ్డి కావాలి. అది రెండు పూటలా కుమ్మరించకుండా, రోజంతా కొంచెం కొంచెం తినేలా సన్నటి వల సంచిలో పెట్టండి. బయట తిరిగే సమయం పెంచండి. అంచులకి మొన తేలని ఇనుప పట్టీ తొడిగితే చెక్క నిలుస్తుంది.

రెండో రకంలో ముందు పళ్ళతో అంచు పట్టుకుని, మెడ బిగించి, గొంతులో శబ్దం చేస్తూ గాలి లాగుతుంది. ఈ అలవాటు పట్టీ వేస్తే పోదు. మేత, తోడు, కడుపులో పుండ్లు, అన్నీ డాక్టర్‌తో కలిసి చూడాల్సిందే. తలుపు దగ్గర తల అటూ ఇటూ ఊపుతూ ఉండే గుర్రానికి పక్క గుర్రం కనిపించేలా కిటికీ పెట్టి చూడండి.

పడుకుని లేవలేకపోతోంది

దొర్లినప్పుడు కాళ్ళు గోడకి ఆనుకుని ఇరుక్కుపోతుంది. ఎక్కువగా గది చిన్నదవడమే కారణం. మామూలు గుర్రానికి 12 అడుగులకి 12, పోనీకి 10కి 10, పెద్ద జాతికి 14కి 14 ఉంచండి. ఉన్న గదిలో గోడల వెంట పరుపుని గట్టులా ఎత్తుగా పోయండి. ఇరుక్కున్న గుర్రం కాళ్ళ వైపు మాత్రం నిలబడకండి.

కొత్త రంపపు పొట్టు వేశాక కాళ్ళు వాచాయి

పొట్టు ఏ చెట్టుదో వెంటనే కనుక్కోండి. నల్ల వాల్‌నట్ పొట్టు మీద నిలబడితే చాలు, ఒక్కరోజులోనే గిట్టల్లో వాపు వ్యాధి రావచ్చు. గుర్రాన్ని ఆ గది నుంచి బయటికి తెచ్చి, డాక్టర్‌ని పిలిచి, పొట్టు మొత్తం తీసేయండి.

దాచిన ఎండుగడ్డి వేడిగా ఉంది, పొగాకులాంటి వాసన వస్తోంది

సరిగ్గా ఆరకముందే కట్టలు కట్టారు. తేమ 20 శాతం దాటితే లోపల సూక్ష్మజీవులు వేడి పుట్టిస్తాయి. చెక్క లాయానికి ఇంతకంటే పెద్ద ప్రమాదం లేదు, అందుకే గడ్డికి లాయానికి దూరంగా వేరే కొట్టం ఉండాలని నేను పట్టుబడతాను. పొడవాటి ఇనుప థర్మామీటర్ లోపలికి గుచ్చి చూడండి. 55 డిగ్రీల సెల్సియస్ దాటితే రోజూ రెండుసార్లు చూడాలి. 65 దాటితే ప్రమాదం దగ్గర పడినట్టు. 80కి చేరువైతే గుర్రాలని బయటికి తోలి అగ్నిమాపక శాఖకి ఫోన్ చేయండి. వాళ్ళు వచ్చేదాకా గడ్డి గుట్టని విప్పకండి, లోపలికి గాలి తగిలిన క్షణంలో భగ్గుమంటుంది.