వానలకి ముందే బ్యాకప్ తేదీ చూసుకోండి

మద్రాసులో అక్టోబరు మూడో వారం దగ్గర పడుతోందంటే దీపావళి హడావుడితో పాటు ఇంకో టెన్షన్ కూడా మొదలవుతుంది. ఈశాన్య రుతుపవనాలు దిగేది ఇంచుమించు అప్పుడే. 2015 డిసెంబరు వరదలప్పుడు మేము వేళచేరిలో కింది వాటాలో ఉన్నాం. నీళ్లు గుమ్మం దాటుతుండగా సర్టిఫికెట్ల ఫైలు, బియ్యం డబ్బా, హార్డ్ డిస్క్ పట్టుకుని పై వాటా వాళ్లింటికి ఎక్కేశాం. కంప్యూటర్ మునిగిపోయింది. పోతే పోయింది, ఫైళ్ల రెండో కాపీ, అదే బ్యాకప్, ఈ డిస్క్‌లో ఉందిగా అనుకున్నాను. తీరా నీళ్లు తగ్గాక డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి చూస్తే, చివరి బ్యాకప్ ఆగస్టుది! ఏదో ఫైలు దగ్గర ఆగిపోయింది, నేను చూసుకోలేదు. మా అమ్మాయి అన్నప్రాశన ఫోటోలన్నీ ఆ తర్వాత తీసినవే.

కాబట్టి డిస్క్ ఉందా లేదా అని కాదు, దాని మీద ఏ తేదీ ఉందో చూడండి. విండోస్‌లోనే ఉండే బ్యాకప్ సదుపాయం ఫైల్ హిస్టరీ వాడుతుంటే కంట్రోల్ ప్యానెల్‌లో ఆ పేజీ తెరిస్తే చివరగా ఎప్పుడు కాపీ అయిందో ఉంటుంది. మ్యాక్‌లో అయితే దాని సొంత బ్యాకప్ సదుపాయం టైమ్ మెషీన్ మెనూలోనే కనిపిస్తుంది. ఇది సెప్టెంబరులో చేయాల్సిన పని. తుపాను హెచ్చరిక వచ్చాక కూర్చుంటే పూర్తవదు.

ఎందుకు పూర్తవదో లెక్క చూడండి. మామూలు హార్డ్ డిస్క్ సెకనుకి 100 ఎంబీ రాస్తుందనుకుంటే 500 జీబీకి గంటన్నర దాకా పడుతుంది. అదే పాత యూఎస్‌బీ 2.0 పోర్టుకి పెడితే నాలుగు గంటలు దాటుతుంది. వేలకొద్దీ చిన్న చిన్న ఫోటోలుంటే ఇంకా ఆలస్యం. పైగా ఇప్పటి పోర్టబుల్ డిస్క్‌లు చాలావరకు మొదట చకచకా రాసి, కాసేపటికి బాగా నెమ్మదిస్తాయి. మ్యాక్‌లో మొదటి బ్యాకప్ రాత్రంతా నడిచినా ఆశ్చర్యం లేదు. కాబట్టి అంకె కదలడం లేదని పది నిమిషాలకే కేబుల్ పీకకండి. గంట గడిచినా అంకె మారక, డిస్క్ లైటు కూడా మిణుకుమనకపోతే అప్పుడు నిజంగా ఆగినట్టు.

ఆగితే ముందు కేబుల్‌నే అనుమానించండి. నా అనుభవంలో సగం కేసులు ఇక్కడే తేలిపోయాయి. చిన్న పోర్టబుల్ డిస్క్ కరెంటు కూడా ఆ కేబుల్ నుంచే తీసుకుంటుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ యాంపియర్లు, 3.0 అయితే 900. మధ్యలో హబ్ (ఒక పోర్టుని చాలా పోర్టులుగా చేసే పెట్టె) పెట్టి దానికే కీబోర్డు, మౌస్, ఫోన్ ఛార్జింగ్ అన్నీ తగిలిస్తే డిస్క్‌కి చాలదు. మధ్యలో మాయమై మళ్లీ కనిపిస్తూ ఉంటుంది. హబ్ తీసేసి నేరుగా పెట్టండి. డెస్క్‌టాప్ అయితే ముందు పోర్టులు వదిలేసి వెనకవాటికి మార్చి చూడండి. కొత్త కేబుల్ కావాలంటే మద్రాసు ఎలక్ట్రానిక్స్ దుకాణాల వీధి రిచీ స్ట్రీట్‌లో దొరకనిదంటూ లేదు. పొడుగుది వద్దు, పొట్టిది అడగండి. కేబుల్ మార్చినా డిస్క్ టిక్ టిక్ అని కొట్టుకుంటుంటే మటుకు అది వేరే జబ్బు, దాని సంగతి కింద చెప్తాను.

తర్వాతి అనుమానం నిద్ర. రాత్రి బ్యాకప్ పెట్టి మూత వేసి పడుకుంటే ల్యాప్‌టాప్ కూడా పడుకుంటుంది. ఛార్జర్ పెట్టి, స్లీప్ ఆపి, మూత తెరిచి ఉంచండి. విండోస్ పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అని ఒకటుంటుంది, పని లేదనుకుంటే పోర్టుని నిద్రపుచ్చేది అదే, దాన్నీ ఆపేయండి.

పెళ్లి వీడియో దగ్గరే ప్రతిసారీ ఆగుతోందా? డిస్క్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉందేమో చూడండి. అందులో 4 జీబీ మించిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌కో ఎన్‌టీఎఫ్‌ఎస్‌కో మార్చాలి. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ముందు ఖాళీ చేసుకోండి. ఫైళ్లని నెట్‌లో దాచే వన్‌డ్రైవ్ వాడేవాళ్లకి ఇంకో తిరకాసు ఉంది. మేఘం గుర్తున్న ఫైళ్లు మీ కంప్యూటర్లో ఉన్నట్టు కనిపిస్తాయంతే, కాపీ చేయాలంటే నెట్ నుంచి దిగాలి. నెట్ మందగిస్తే కాపీ కూడా అక్కడే కూర్చుంటుంది.

ఇక టిక్ టిక్ సంగతి, డిస్కే పాడవుతోందేమో అని అనుమానించాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో డిస్క్ ఆరోగ్యం చూడండి. పసుపు రంగులో హెచ్చరిక వస్తే రిపేరు ప్రయోగాలు మొదలుపెట్టకండి. మళ్లీ తెచ్చుకోలేనివి ముందుగా వేరే చోటికి కాపీ చేసుకుని కొత్త డిస్క్ కొనండి. అక్కడ పీనాసితనం పనికిరాదు.

వానల్లో ఇంకో గొడవ, వీధిలో నీళ్లు నిలిస్తే ఈబీ (కరెంటు బోర్డు) వాళ్లు కరెంటు ఆపేస్తారు. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకపోతే మబ్బు పట్టిన రోజు బ్యాకప్ మొదలుపెట్టొద్దు. డిస్క్ తీసేటప్పుడు తొందరున్నా ఎజెక్ట్ చేసే తీయండి.

అయిందన్నాక డిస్క్‌లోంచి రెండు ఫోటోలు, ఒక వీడియో తెరిచి చూడండి, వీలైతే ఇంకో కంప్యూటర్లో. ఆపైన జిప్ కవర్లో పెట్టి అటక మీదకి ఎక్కించండి, ల్యాప్‌టాప్ సంచిలో మాత్రం వద్దు. రెండో కాపీ వేరే ఊళ్లో బంధువులింట ఉంటే మంచిది. మా బావగారిది నెల్లూరు, కానీ మాకొచ్చే తుపాను చాలాసార్లు వాళ్లనీ పలకరించే పోతుంది. అందుకే నాది హైదరాబాదులో మా చెల్లెలింట్లో ఉంది.

అన్నీ చేసినా డిస్క్ తడిసిందే అనుకోండి, ఆరిందిలే అని కంప్యూటర్‌కి పెట్టి చూడకండి. కరెంటు తగలనివ్వకుండా అలాగే డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.