ఈ పాత ఫోటో ఏ వీధిది, ఏ ఏటిది? హైదరాబాద్ 19వ శతాబ్దపు బొమ్మలను చదివే పద్ధతి

పాత ఆల్బమ్‌లో ఒక వీధి బొమ్మ ఉంటుంది, దాని కింద పెన్సిల్‌తో ‘హైదరాబాద్, 1880’ అని రాసి ఉంటుంది. ముందు ఆ రాతను కాగితం ముక్కతో కప్పేయండి. ఫోటో తీసినవాళ్లు స్వయంగా రాసిన మాటలు అరుదు. ఎక్కువగా మనవళ్లో, అమ్మకందారులో ముప్పై నలభై ఏళ్ల తర్వాత తోచింది రాసి పెడతారు. బొమ్మ ఏం చెబుతోందో తేలాక కాగితం తీసి, రాతతో పోల్చుకోండి.

పైగా ‘హైదరాబాద్’ అన్నంత మాత్రాన మనదే కానక్కర్లేదు. సింధ్‌లోనూ ఒక హైదరాబాద్ ఉంది. మిద్దెల మీద వరసగా, అన్నీ ఒకే దిక్కుకు నోరు తెరిచిన గాలి గూళ్లు కనబడితే అది సింధ్ బొమ్మే. వీధిలో ట్రాము పట్టాలుంటే మద్రాసు వైపు చూడండి. అక్కడ కరెంటు ట్రాము 1895లోనే మొదలైంది.

ముందు స్కాన్, తర్వాతే పరిశోధన

అచ్చు ఫోటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), అరచేతిలో పట్టే చిన్న కార్డు ఫోటోనైతే 1200లో స్కాన్ చేయండి. 8×10 అంగుళాల ఫోటో 600లో 4800×6000 పిక్సెళ్లు వస్తుంది. గోడ మీద బోర్డు చదవాలంటే కనీసం అంత కావాలి. గోధుమ రంగు బొమ్మే కదా అని బ్లాక్ అండ్ వైట్‌లో తీయకండి. పసుపు ఎక్కడ ఎక్కిందో చెప్పేది రంగే. స్కానర్‌లో ‘ఆటో’ సర్దుబాట్లన్నీ ఆపేసి టిఫ్ ఫైలుగా దాచండి. వెనక వైపును, అట్ట అంచులను కూడా స్కాన్ చేయండి.

తడిగుడ్డతో తుడవడం, అట్ట మీంచి ఊడదీయడం, సెల్లో టేప్ అంటించడం, ఈ మూడూ ఫోటోను చంపేస్తాయి. ఆల్బుమెన్ కాగితం మీది గుడ్డు తెల్లసొన పూత తడి తగిలితే ఉబ్బి, ఆరేటప్పుడు పగులుతుంది. గాజు ప్లేటు, అంటే గాజు మీది నెగటివ్, దొరికితే నూలు చేతొడుగులు వద్దు, పట్టు జారుతుంది. నైట్రైల్ (పలచటి రబ్బరు లాంటి) తొడుగులు వేసుకుని అంచులు మాత్రమే పట్టుకోండి. దానికి మెరిసే వైపు గాజు, మెరుపు లేకుండా మసకగా కనిపించేది పూత. గాజు వైపు నుంచి చూస్తేనే కుడి ఎడమలు సరిగా ఉంటాయి.

కాగితం చెప్పే కాలం

పది రెట్లు పెద్దది చేసే భూతద్దం ఒకటి చాలు. పలచటి కాగితాన్ని దళసరి అట్టకు అంటించి ఉండి, భూతద్దంలో కాగితపు పోగులు కనిపిస్తూ, తెల్లగా ఉండాల్సిన చోట్లు పసుపెక్కి ఉంటే అది ఆల్బుమెన్. 1850లో పుట్టి 1890ల మధ్య దాకా రాజ్యమేలింది. పోగులు కనబడక, నల్లటి చోట్ల అంచుల్లో వెండి మెరుపు తేలితే జెలటిన్ పూత కాగితం, అంటే చాలావరకు 1885 తర్వాతది. బొమ్మంతా సన్నటి చుక్కల వరసలైతే అది ఫోటోయే కాదు, పుస్తకంలోంచో పత్రికలోంచో చించిన అచ్చు.

పోస్టుకార్డుల సంగతి వేరు. వెనక మధ్యలో గీత ఉండి ఒక పక్క చిరునామా, ఒక పక్క కబురు రాసే కార్డులు బ్రిటన్‌లో 1902లో వచ్చాయి. అంతకుముందు వెనక చిరునామా మాత్రమే, కబురు బొమ్మ పక్కనే ఇరికించేవాళ్లు. తపాలా ముద్ర మీది తేదీ ‘ఇంతకంటే ముందు తీసింది’ అని మాత్రమే చెబుతుంది. ఎన్నేళ్ల ముందో చెప్పదు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కాగితం వయసు వేరు, బొమ్మ వయసు వేరు. ఫోటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ 1880ల్లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు, 1905లో చనిపోయారు. పాత గాజు ప్లేట్ల నుంచి ఏళ్ల తర్వాత కూడా కొత్త ప్రతులు తీయవచ్చు. అట్ట మీద ముద్రించిన స్టూడియో పేరు ఆ ప్రతి ఎక్కడ తయారైందో చెబుతుంది, అంతే.

ప్లేటు మీది రాతలు మాత్రం నమ్మదగ్గవి. బొమ్మ అడుగున తెల్ల అక్షరాలో అంకెలో ఉంటే ప్లేటు మీద సిరాతో రాశారన్నమాట, నల్లగా ఉంటే పూతను గీకారన్నమాట. ఆ అక్షరాలు తిరగబడి ఉంటే బొమ్మ మొత్తం తిరగబడినట్టే. అలాంటి సంఖ్యలను వెంటనే రాసుకోండి. దీన్ దయాళ్ ప్లేట్లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి, పోల్చుకునే అవకాశం ఉంది.

చోటు పట్టుకోవడం

చార్మినార్ కనబడగానే పని అయిపోయిందనుకుంటారు. నిజానికి అక్కడే మొదలవుతుంది. నాలుగు వైపులా దాదాపు ఒకేలా కట్టిన కట్టడం కాబట్టి ఎటు నుంచి తీశారో కట్టడం చెప్పదు, చుట్టుపక్కలవి చెప్పాలి. మక్కా మసీదు చార్మినార్‌కు నైరుతిలో ఉంది. గుల్జార్ హౌజ్, చార్ కమాన్ ఉత్తరాన, లాడ్ బజార్ పడమటన. ఉత్తరం నుంచి దక్షిణం వైపు చూస్తూ తీసిన బొమ్మలో మసీదు చార్మినార్‌కు కుడి పక్కన రావాలి. ఎడమన ఉంటే రెండే కారణాలు: బొమ్మ తిరగబడింది, లేదా మీరు దిక్కు తప్పు పట్టుకున్నారు. ఏదో తేలాలంటే ఉర్దూ బోర్డునో గడియారం ముఖాన్నో చూడండి.

ఫోటోగ్రాఫర్ నిలబడ్డ చోటు తెలియాలంటే పద్ధతి ఇది. బొమ్మలో ఒకదాని వెనక ఒకటి సరిగ్గా ఒకే గీతలో పడిన రెండు వస్తువులు వెతకండి. ఉదాహరణకు, కమాన్ అంచు, దాని వెనక మీనారు కొన. పటం మీద ఆ రెండింటినీ కలుపుతూ గీత గీసి మీ వైపుకు పొడిగించండి. ఇలాంటి జంట ఇంకోటి వెతికి రెండో గీత గీయండి. రెండు గీతలు కలిసిన చోటే కెమెరా. మూడో గీత కూడా అక్కడికే వస్తే నిశ్చింత. రాకపోతే ఎక్కడో ఒక కట్టడాన్ని తప్పు గుర్తించారు. ఈ పనికి నేటి ఉపగ్రహ పటం ఒక్కటే చాలదు, ఎందుకంటే 1908 సెప్టెంబరు 28 మూసీ వరద, ఆ తర్వాతి రోడ్ల వెడల్పు పాత సందులను మింగేశాయి. 1910ల్లో లెనార్డ్ మన్ పర్యవేక్షణలో తయారైన మున్సిపల్ సర్వే పటాలు ఇంటింటి గోడ దాకా చూపిస్తాయి. వాటి మీదే గీయండి.

కొలతకు చార్మినారే గజకర్ర. ఒక్కో వైపు సుమారు 20 మీటర్లు. స్కాన్‌లో ఆ వైపు 400 పిక్సెళ్లు వస్తే మీటరుకు 20 పిక్సెళ్లు, దాని పాదాల దగ్గర నిలబడ్డ మనిషి 33 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి. అరవై పిక్సెళ్లుంటే ఆ మనిషి కెమెరాకు దగ్గరగా ఉన్నాడు, లేదా బొమ్మ చేత్తో గీసి చేర్చింది. చెక్కిన అచ్చుబొమ్మల్లోనైతే మామూలుగా దీనికి ఎదురు, కట్టడం గొప్పగా కనబడాలని మనుషుల్ని చిన్నవాళ్లను చేసేవాళ్లు.

చాదర్‌ఘాట్, రెసిడెన్సీ బజార్ల వైపు బొమ్మలైతే గుర్తులు వేరు. 19వ శతాబ్దంలో ప్రాకారం బయట బాగా పెరిగిన పేట ఇది. నిజాం అధికారం కాక రెసిడెంటు (నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి) అధికారం నడిచేది కాబట్టి సాహుకార్లు ఇక్కడ స్థిరపడ్డారు. రెసిడెన్సీ భవనం, అంటే ఇప్పటి కోఠి మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలోనిది, శతాబ్దం తొలి ఏళ్లలో కట్టింది. ఆరు కొరింథియన్ (తల దగ్గర ఆకుల నగిషీ ఉన్న) స్తంభాల ముఖమండపం ఉత్తరం వైపు. చాదర్‌ఘాట్ వంతెన 1831 నాటిది. ఇరవైకి పైగా కమానుల పొడవాటి రాతి వంతెన కనబడితే అది పురానాపూల్, 1578 నాటిది, దాంతో కాలం తేలదు. వంతెన చివర ఎత్తయిన ద్వారం ఉంటే అఫ్జల్ దర్వాజా కావచ్చు. ఇప్పుడది లేదు, నగర ద్వారాల్లో పురానాపూల్, దబీర్‌పురా మాత్రమే మిగిలాయి.

ముందెప్పుడు, తర్వాతెప్పుడు

కాగితం మీద రెండు నిలువు వరసలు గీయండి. ఒకదానికి ‘దీని తర్వాతే’, ఇంకోదానికి ‘దీని ముందే’ అని పేరు పెట్టండి. బొమ్మలోని ప్రతి ఆధారమూ ఏదో ఒక వరసలోకి వెళ్లాలి. ఎందులోకీ వెళ్లకపోతే అది ఆధారం కాదు, అలంకారం.

‘తర్వాతే’ వరసకు గట్టి ఆధారాలు ఇవి. సికింద్రాబాద్‌కు రైలు 1874. అబిడ్స్‌లో సెయింట్ జార్జ్ చర్చి 1867. చార్మినార్ గడియారాలు 1889. లాడ్ బజార్ పడమటి చివర మహబూబ్ చౌక్ గడియార స్తంభం 1892. సికింద్రాబాద్ గడియార స్తంభం 1897 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. నాంపల్లి స్టేషన్ 1907. మూసీ ఒడ్డున గుమ్మటాల హైకోర్టు 1920. చివరి రెండింటిలో ఏది కనబడినా అది 19వ శతాబ్దపు బొమ్మ కాదు, అట్ట మీద ఏం రాసి ఉన్నా సరే.

‘ముందే’ వరస నింపడం కష్టం. అక్కడ లేకపోవడమే ఆధారం. లేదని చెప్పాలంటే ఉంటే కనబడే స్పష్టత ఉండాలి. చార్మినార్ గడియారం ముఖం చిన్నది. స్కాన్‌లో చార్మినార్ మొత్తం బొటనవేలంత ఉంటే ‘గడియారం లేదు, కాబట్టి 1889కి ముందు’ అనడం చెల్లదు. అదే ఎత్తులోని గచ్చు నగిషీ విడివిడిగా కనిపిస్తూ గడియారం మాత్రం లేకపోతే అప్పుడు చెల్లుతుంది. చార్మినార్ మీంచి పడమటికి తీసిన బొమ్మలైతే సులువు. లాడ్ బజార్ మిద్దెల పైన గడియార స్తంభం ఉందా లేదా అన్నది ఒక్క చూపులో తేలుతుంది.

ఇళ్ల కప్పులూ పనికొస్తాయి, కానీ మెత్తని ఆధారాలుగానే. బోర్లించిన అర్ధగొట్టం లాంటి నాటు పెంకు ఏ కాలానిదైనా కావచ్చు. గాడులున్న చదునైన మంగళూరు పెంకు 1865కు ముందు లేదు, అప్పుడే మంగళూరులో బాసెల్ మిషన్ కార్ఖానా మొదలైంది. ఇంత దూరం బరువు సరుకు రావాలంటే రైలు కావాలి కనుక 1874 తర్వాత అనుకోవడం సబబు. సైకిలు రెండు చక్రాలూ సమానంగా ఉంటే 1885 తర్వాతి మాట. తలపాగా, రూమీ టోపీ, షేర్వానీ చూసి ఏడు చెప్పేవాళ్లను నమ్మకండి. తండ్రి పాగా, కొడుకు టోపీ ఒకే రోజు ఒకే వీధిలో నడిచాయి.

నీడలు

హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. చార్మినార్ నాలుగు దిక్కులకు సరిగ్గా తిరిగి ఉంది. ఈ రెండూ కలిస్తే మంచి పంచాంగం. సెప్టెంబరు చివరి వారం నుంచి మార్చి మూడో వారం దాకా ఉత్తరం వైపు గోడ మీద ఎండ అస్సలు పడదు. కాబట్టి ఆ గోడ ఎండలో మెరుస్తుంటే బొమ్మ వేసవిదో వానాకాలానిదో. రెసిడెన్సీ ముఖమండపానికీ ఇదే లెక్క. మే రెండో వారం, ఆగస్టు మొదటి వారం దగ్గర మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు, నీడ పాదాల కిందికి చేరుతుంది. ఆ మధ్య రోజుల్లో మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. డిసెంబరు చివర మధ్యాహ్నం ఐదున్నర అడుగుల మనిషి నీడ సుమారు 4.7 అడుగులు, ఉత్తరానికి. తూర్పు గోడ వెలుగుతుంటే పొద్దున్న, పడమటి గోడ వెలుగుతుంటే సాయంత్రం. చాలా బొమ్మల్లో పొద్దున వెలుగే ఉంటుంది, ఎండ ముదరకముందే పని ముగించడం ఫోటోగ్రాఫర్‌కూ సుఖం.

ఖాళీ వీధి, నల్ల బట్టలు

1850ల నుంచి 1870ల దాకా వాడిన తడి ప్లేటుకు (మందు పూత ఆరకముందే బొమ్మ తీయాల్సిన గాజు ప్లేటు) మంచి ఎండలోనూ కొన్ని సెకన్లు పట్టేది. ఆ లోపు నడిచిపోయిన మనిషి బొమ్మలో పడడు, లేదా పొగలాగా మిగులుతాడు. కాబట్టి ఖాళీగా కనిపించే వీధి నిజంగా ఖాళీ కాదు. నిలబడ్డ ఎద్దుల బండి, కూర్చున్న దుకాణదారు, ‘కదలకండి’ అని నిలబెట్టినవాళ్లు మాత్రమే తేటగా వస్తారు. గుర్రం కాళ్లు స్పష్టంగా ఉండి దాని తల చెరిగిపోతే తడి ప్లేటు అయ్యుండే అవకాశం ఎక్కువ. పరుగెత్తే జట్కా చక్రం ఆకులు కూడా లెక్కపెట్టగలిగితే పొడి ప్లేటు (ముందే పూత పూసి ఆరబెట్టింది), అంటే 1870ల చివరికి ముందు కాదు. ఆ ప్లేట్లకు నీలం తెల్లగా, ఎరుపు, పసుపు నల్లగా కనబడతాయి. ఆకాశం బోసిగా తెల్లగా ఉండటానికీ, పసుపు చీర కట్టుకున్నామె నల్లచీరలో కనబడటానికీ ఇదే కారణం. రంగుల గురించి రాయకపోవడమే మంచిది.

ఈమధ్య ఇంకో చిక్కు వచ్చింది. కృత్రిమ మేధతో ‘పదును పెట్టిన’, రంగులద్దిన బొమ్మలు ఫోన్లలో తిరుగుతున్నాయి. అవి లేని కిటికీలను, చదవలేని ఉర్దూ అక్షరాలను, ఒక్కోసారి లేని గడియారాన్నీ కల్పిస్తాయి. అలాంటి బొమ్మ నుంచి ఏ ఆధారమూ తీసుకోకండి. దాని మూలం దొరికేదాకా పక్కన పెట్టండి.

ఇక బొమ్మ కింద రాత మీది. ఒక్క ఏడు రాయకండి, అవధి రాయండి: ‘చార్మినార్, ఉత్తరం నుంచి. 1874–1889 మధ్య. మార్చి చివర–సెప్టెంబరు, ఉదయం. ఆధారం: ముందువైపు మిద్దె మీద మంగళూరు పెంకు ఉంది, గడియారం లేదు (నగిషీ స్పష్టం), ఉత్తరపు గోడ మీద ఎండ, తూర్పు గోడా వెలుగులోనే.’ ఇందులో 1889 గట్టిది, 1874 మెత్తనిది, ఆ తేడా కూడా రాయండి. అట్ట మీది పాత రాతను చెరపకుండా, తప్పే అయినా ఉన్నది ఉన్నట్టు ‘అట్ట మీద ఇలా ఉంది’ అని కింద చేర్చండి. మెత్తటి 2బి పెన్సిల్‌తో, అట్ట వెనక అంచున, ఫోటో లేనిచోట మాత్రమే రాయండి. బాల్‌పెన్ గీతలు అవతల వైపు పొంగుతాయి.