వెబ్ టెలిస్కోపు ముడి దత్తాంశాన్ని క్యాలిబ్రేట్ చేసే విధానం

2021 డిసెంబరు 25న బయలుదేరిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఇప్పుడు భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడికి వెళ్లి మరమ్మతు చేసే ఏర్పాటు లేనందున, డిటెక్టర్ల లోపాలను సరిచేసే భారం చాలావరకు నేల మీది సాఫ్ట్‌వేర్‌దే. బాల్టిమోర్‌లోని స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ పైథాన్‌లో రాసిన ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. వెబ్‌లోని పరారుణ కెమెరా అయిన నియర్‌క్యామ్ చిత్రాలతో దానిని నడిపి, ఫలితాన్ని పరీక్షించే పద్ధతిని ఇక్కడ చూద్దాం.

మొదట పైథాన్‌లో ఒక ప్రత్యేక ఎన్విరాన్‌మెంట్ తయారుచేసి, అందులోనే ఈ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయండి. తరువాత క్యాలిబ్రేషన్ రెఫరెన్స్ ఫైళ్లను సరఫరా చేసే సీఆర్‌డీఎస్ సర్వర్ చిరునామానూ, ఆ ఫైళ్లు దాచుకోవలసిన ఫోల్డరునూ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా ఇవ్వాలి. ఏ రెఫరెన్స్ ఫైళ్లు వాడాలో నిర్ణయించే కాంటెక్స్ట్ సంఖ్యను కూడా అక్కడే స్థిరపరచండి. అలా చేయకపోతే, సర్వర్‌లో కొత్త ఫైళ్లు చేరినప్పుడు ఈ నెల ఫలితానికీ వచ్చే నెల ఫలితానికీ తేడా వచ్చి, కారణం మీ సెట్టింగులా రెఫరెన్స్ ఫైళ్లా అన్నది తేలదు.

వెబ్ దత్తాంశాన్ని భద్రపరిచే మాస్ట్ ఆర్కైవు నుంచి పేరు చివర ‘అన్‌కాల్’ అని ఉన్న ముడి ఫైలునే దించుకోండి. వెబ్ డిటెక్టర్లు ఒకే ఎక్స్‌పోజర్‌లో పోగైన విద్యుదావేశాన్ని చెరపకుండా పదేపదే చదువుతాయి కాబట్టి, ఆ ఫైలులో ప్రతి పిక్సెల్‌కూ పెరుగుతూ పోయే రీడింగుల వరుస, అంటే ఒక ర్యాంప్ ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మూడు దశల్లో పనిచేస్తుంది. మొదటి దశ పని ఆ ర్యాంప్‌ను శుభ్రం చేసి దాని వాలును కొలవడమే. ముందుగా చెడ్డ పిక్సెళ్లనూ, ఇక ఆవేశం పట్టనంతగా నిండి సంతృప్తమైన పిక్సెళ్లనూ గుర్తిస్తుంది. నెయ్యి తూచే ముందు గిన్నెకు పడికట్టు కట్టినట్లు సూపర్‌బయాస్‌ను, అంటే కాంతి పడకముందే రీడింగులో ఉండే ఆధార విలువను, తీసివేస్తుంది. అంచుల్లో నాలుగేసి వరుసల్లో ఉన్న, కాంతి సోకినా స్పందించని రెఫరెన్స్ పిక్సెళ్ల ఆధారంగా ఎలక్ట్రానిక్ ఊగిసలాటను సరిచేస్తుంది. ఆ తరువాత లీనియారిటీ (కాంతికి అనుపాతంగా పెరగని స్పందనను సరిచేయడం), డార్క్ కరెంట్ (కాంతి లేకున్నా పోగయ్యే ఆవేశాన్ని తీసివేయడం) సవరణలు వస్తాయి. వెబ్‌లోని మరో పరికరమైన మిరికి ఈ వరుస కొంత వేరుగా ఉంటుంది.

మొదటి దశలో అసలు జాగ్రత్త అవసరమయ్యేది జంప్ అనే అంచెలో. విశ్వకిరణం తగిలినప్పుడు ర్యాంప్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. పక్కపక్క రీడింగుల తేడాలను వాటి మధ్యస్థ విలువతో పోల్చి, నిర్ణీత పరిమితిని దాటిన చోటును సాఫ్ట్‌వేర్ గుర్తిస్తుంది. పరిమితి మరీ తగ్గిస్తే మామూలు హెచ్చుతగ్గులు కూడా జంప్‌లుగా నమోదై మంచి కొలతలు వృథా అవుతాయి. మరీ పెంచితే విశ్వకిరణాల జాడలు చిత్రంలో మిగిలిపోతాయి. పెద్ద తాకిడి వల్ల ఏర్పడే గుండ్రని మచ్చలను ‘స్నోబాల్స్’ అంటారు. వాటి చుట్టూ ఉన్న పిక్సెళ్లను కూడా పక్కన పెట్టడానికి వేరే ఆప్షన్ ఉంది, దానిని ఆన్ చేసి ఒకసారి, ఆఫ్ చేసి ఒకసారి నడిపి చూడడం మంచిది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఈ అంచెలను వరుసగా నడిపే పైప్‌లైన్‌ను ‘కాల్’ పద్ధతిలో పిలిస్తే పరికరానికి తగిన పారామీటర్లను సీఆర్‌డీఎస్ నుంచి తెచ్చుకుంటుంది, ‘రన్’ పద్ధతిలో పిలిస్తే తెచ్చుకోదు. రెండింటినీ కలిపి వాడి ఫలితాలను పోల్చడం వల్ల ప్రయోజనం లేదు.

పరీక్షించడానికి, సరిచేసిన ర్యాంప్‌ను కూడా సేవ్ చేయమని అడగండి. ఒక ప్రకాశవంతమైన నక్షత్రం నడిమి పిక్సెల్‌నూ, ఖాళీ ఆకాశంలోని ఒక పిక్సెల్‌నూ, స్నోబాల్ అంచున ఉన్న ఒక పిక్సెల్‌నూ ఎంచుకుని, వాటి ర్యాంప్‌లను గ్రాఫ్‌గా గీసి, జంప్ గుర్తులు సరైన చోటే పడ్డాయో లేదో చూడండి. అందమైన తుది చిత్రం కన్నా ఈ మూడు గీతలే ఎక్కువ నిజం చెబుతాయి.

రెండవ దశ పిక్సెళ్ల సున్నితత్వంలోని తేడాలను సరిచేసే ఫ్లాట్ ఫీల్డ్ సవరణ చేసి, విలువలను మెగాజాన్‌స్కీ పర్ స్టెరేడియన్ అనే ప్రకాశ ప్రమాణంలోకి మారుస్తుంది. మూడవ దశ అనేక ఎక్స్‌పోజర్లను సరిగా అమర్చి ఒకే చిత్రంగా కలుపుతుంది. ప్రతి దశ తరువాత ఫైలు హెడర్‌లో సాఫ్ట్‌వేర్ వెర్షన్, కాంటెక్స్ట్ సంఖ్య, పూర్తయిన లేదా వదిలేసిన అంచెల వివరాలు నమోదవుతాయి. మొదటి దశ ఫైలులోనూ చివరి చిత్రంలోనూ వెర్షన్, కాంటెక్స్ట్ ఒకటి కాకపోతే, మొదటి దశ నుంచి మళ్లీ నడపండి.