రద్దీగా ఉండే దర్శనీయ స్థలానికి మెట్రోలో వెళ్లేవారు ముందుగా తేల్చుకోవలసినవి

పెద్ద నగరంలో పేరుపొందిన కట్టడాన్ని చూడబోయేవారు సాధారణంగా ఏ రైలు ఎక్కాలన్న దాని గురించే ఆలోచిస్తారు. నిజానికి ప్రయాణం సుఖంగా సాగడమైనా, చికాకు పుట్టించడమైనా ఎక్కడ దిగుతామన్న దాన్నిబట్టే ఎక్కువగా ఉంటుంది. అందువల్ల దిగవలసిన స్టేషన్‌నూ, అక్కడి నుంచి నడవవలసిన దారినీ ముందురోజే తేల్చుకోవాలి.

పారిస్‌లోని ఈఫిల్ టవర్‌నే తీసుకుందాం. నగరాన్ని శివార్లతో కలిపే ఆర్‌ఈఆర్ రైళ్ల సి మార్గంలో ఆ కట్టడం పేరుతోనే ఒక స్టేషన్ ఉంది. నడక తగ్గాలనుకునేవారికి అది తగినదే. అయితే 6వ నంబరు మెట్రో మార్గం పాసీ, బీర్ హకేమ్ స్టేషన్ల మధ్య సేన్ నదిని వంతెన మీదుగా దాటుతుంది కాబట్టి, ఆ కాసేపూ టవర్ కిటికీలోంచే కనిపిస్తుంది. 6, 9 మార్గాలు కలిసే ట్రొకడేరోలో దిగితే నదికి ఇవతలి గట్టున ఉన్న ఎత్తైన ప్రాంగణం నుంచి టవర్‌ను ఎదురుగా చూసి, మెట్లు దిగి, వంతెన దాటి దాని మొదలు దగ్గరకు చేరవచ్చు. నా మటుకు వెళ్లేటప్పుడు ట్రొకడేరోలో దిగి, వచ్చేటప్పుడు బీర్ హకేమ్‌లో ఎక్కడమే మేలనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం ఆ మెట్ల దారి పెట్టుకోవద్దు.

మెట్రో పటాన్ని చూసి దూరాలను అంచనా వేయకూడదు. హ్యారీ బెక్ గీయగా 1933లో లండన్‌లో ప్రచురితమైన పటం, దూరాలను పక్కనబెట్టి మార్గాలను సరళరేఖలుగా చూపింది. ఇప్పటి మెట్రో పటాలు చాలావరకు ఆ పద్ధతిలోనే ఉంటాయి. అదే లండన్‌లో లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ స్టేషన్ల మధ్య దూరం సుమారు 260 మీటర్లే. అంత దూరానికి రైలెక్కినవారు కోవెంట్ గార్డెన్‌లో లిఫ్టు కోసం నిలబడాలి, లేదంటే 193 మెట్లు ఎక్కాలి. ఆలోగా నడిచి చేరుకోవచ్చు. కాబట్టి మెట్రో పటంతో పాటు వీధుల పటాన్ని కూడా తప్పకుండా చూడండి.

స్టేషన్ చేరాక ఏ ద్వారం నుంచి బయటికి రావాలన్నది మరో ముఖ్యమైన విషయం. టోక్యోలోని షింజుకు వంటి స్టేషన్‌లో పొరపాటున వేరే ద్వారం నుంచి బయటపడితే మళ్లీ చాలా దూరం చుట్టి రావలసి వస్తుంది. ద్వారం నంబరునో పేరునో కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే భూగర్భంలో ఫోన్‌కు సిగ్నల్ అందకపోవచ్చు.

టికెట్ విషయంలో నగరానికో పద్ధతి ఉంటుంది. లండన్ భూగర్భ రైల్లో బ్యాంకు కార్డునే గేటు దగ్గర తాకించి వెళ్లవచ్చు గానీ, ఒక్కొక్కరికీ వేరే కార్డు ఉండాలి, లోపలికి వెళ్లేటప్పుడు వాడినదాన్నే బయటికి వచ్చేటప్పుడూ తాకించాలి. కాగితపు టికెట్ అయితే బయటికి వచ్చేదాకా దాచుకోండి.

ఆఫీసుల వేళ దాటాక బయలుదేరడం మంచిది. రైల్లో సంచిని వీపు మీద కాక ఛాతీ మీద పెట్టుకోండి. పర్యాటకులు ఎక్కువగా దిగే స్టేషన్లలో జేబుదొంగలు తలుపుల దగ్గరి తోపులాట కోసమే కాచుకుని ఉంటారు. ఆ తోపులాటలో ఎవరైనా విడిపోతే, రైల్లో ఉండిపోయినవారు తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే ఆగాలనీ, మిగిలినవారు తర్వాతి రైల్లో వచ్చి కలుసుకోవాలనీ పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి.

తిరుగు ప్రయాణానికి ఉదయమే టికెట్ కొనుక్కోండి, లేదా కార్డులో సరిపడా డబ్బు వేసుకోండి. సందర్శన వేళ ముగియగానే జనమంతా ఒక్కసారిగా దగ్గరి స్టేషన్‌కే వస్తారు. రద్దీ మరీ మించితే సిబ్బంది కాసేపు గేట్లు మూసివేయవచ్చు కూడా. అటువంటప్పుడు క్యూలో నిలబడకుండా అదే మార్గంలో ఒక స్టేషన్ వెనక్కి, అంటే రైలు ఇంకా నిండని చోటికి, నడిచి వెళ్లి ఎక్కండి. చివరి రైలు ఎన్ని గంటలకో, అది తప్పితే రాత్రి బస్సు ఎక్కడ ఆగుతుందో బయలుదేరే ముందే చూసిపెట్టుకోవాలి.